పాతికేళ్లు దాటినా మొటిమలా? మందు రెండు వారాలది కాదు, మూడు నెలలది

మొటిమలంటే ఇంటర్మీడియెట్ వయసు గొడవ అనీ, పెళ్లయితే వాటంతటవే పోతాయనీ మన ఇళ్లల్లో గట్టి నమ్మకం. అందుకే ఇరవై ఎనిమిదేళ్లకో, ముప్పై అయిదేళ్లకో గడ్డం మీద, దవడ వెంట ఎర్రగా, నొప్పిగా మొటిమలు లేస్తుంటే డాక్టరు దగ్గరికి వెళ్లాలని తోచదు. వెళ్లినా అడగడానికి మొహమాటం. మాది చర్మ విభాగం కాదు, జనరల్ మెడిసిన్. బీపీకో, షుగరుకో, థైరాయిడ్‌కో చూపించుకుని, చీటీ చేతికందాక లేచి నిలబడి 'ఇంకొక్క మాటండీ' అనేవాళ్లు బందరులోనూ ఉన్నారు, గుడివాడలోనూ ఉన్నారు, నాగాయలంక నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లలోనూ ఉన్నారు. బళ్లో పాఠాలు చెప్పే టీచరు, ఇద్దరు పిల్లల తల్లి, బ్యాంకు కౌంటర్లో రోజంతా జనానికి ఎదురుగా కూర్చునే అమ్మాయి. మగవాళ్లయితే ఆ ఒక్క మాట కూడా అడగరు. వాళ్ల తరఫున తల్లో, భార్యో అడుగుతారు.

'ఇప్పటిదాకా ఏం వాడారమ్మా?' అంటే హ్యాండ్‌బ్యాగు తెరుచుకుంటుంది. సగం నొక్కేసిన ట్యూబు ఒకటి బయటికి వస్తుంది. మందుల షాపు అబ్బాయి ఇచ్చింది, లేదా ఆడపడుచు వాడితే తగ్గిందని చెప్పింది. పది సందర్భాల్లో ఆ ట్యూబే నాకు మొటిమలకన్నా పెద్ద సమస్యగా కనిపిస్తుంది.

పెద్దవాళ్లలో వచ్చే మొటిమలు తగ్గని జబ్బేమీ కాదు. మంచి మందులున్నాయి. వాటిలో చాలావరకు దశాబ్దాల నుంచి వాడుతున్నవే, జనరిక్ రూపంలో దొరికేవే. చిక్కల్లా వాటి వేగంతోనే. అవి నెలల లెక్కన పనిచేస్తాయి, మనం వారాల లెక్కన ఫలితం అడుగుతాం. ఈ రెండింటికీ మధ్యనున్న సందులోంచే స్టిరాయిడ్ క్రీములు మన ఇళ్లల్లోకి దూరుతున్నాయి.

ఈ వయసులో ఎందుకు?

చర్మం కింద వెంట్రుక కుదుళ్లను అంటిపెట్టుకుని నూనె గ్రంథులుంటాయి. ఆండ్రోజెన్ హార్మోన్ల ప్రభావంతో అవి నూనె ఎక్కువగా స్రవించడం, కుదురు నోటి దగ్గర మృతకణాలు పేరుకుని మూసుకుపోవడం, లోపల చిక్కిన నూనెలో క్యూటిబ్యాక్టీరియం అనే సూక్ష్మజీవి పెరగడం, దాంతో వాపు రావడం. మొటిమ పుట్టుక స్థూలంగా ఇదీ. పదహారేళ్లకైనా ముప్పై ఆరేళ్లకైనా కథ ఇదే. పెద్దవాళ్లలో, ముఖ్యంగా ఆడవాళ్లలో, చోటు మారుతుంది. నుదురు, ముక్కు కన్నా గడ్డం, దవడ అంచు, మెడ పైభాగంలో ఎక్కువగా వస్తాయి. నెలసరికి వారం ముందు ఎక్కువవుతాయి. కొందరికి చిన్నప్పటి నుంచి ఆగకుండా ఉంటాయి. కొందరికి పాతికేళ్ల దాకా నున్నగా ఉన్న ముఖం మీద కొత్తగా మొదలవుతాయి.

'హార్మోన్ పరీక్షలన్నీ చేయించామండీ, అన్నీ నార్మలే' అంటూ మందపాటి ఫైలు తెచ్చేవాళ్లుంటారు. అందులో వింతేమీ లేదు. పెద్దవయసు మొటిమలున్న ఆడవాళ్లలో ఎక్కువమందికి రక్తంలో హార్మోన్లు మామూలుగానే ఉంటాయి. ఉన్న హార్మోనుకే నూనె గ్రంథులు అతిగా స్పందిస్తుంటాయి. కాబట్టి అందరికీ పరీక్షలు అక్కర్లేదు. నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తున్నా, గడ్డం మీదా పైపెదవి మీదా వెంట్రుకలు ముదురుతున్నా, నడినెత్తిన జుట్టు పలచబడుతున్నా పీసీఓఎస్ కోసం చూడాల్సిందే. నేను ఇంకొకటి కూడా చూస్తాను. మెడ వెనక, చంకల్లో ఎంత రుద్దినా పోని నలుపు. అది మురికి కాదు, శరీరం ఇన్సులిన్‌కి సరిగ్గా స్పందించడం లేదనడానికి గుర్తు. మొటిమల కోసం వచ్చిన అమ్మాయిలో ఆ నలుపు కనిపిస్తే ముందు షుగరు పరీక్ష రాస్తాను. మొటిమలు ఉన్నట్టుండి విపరీతమై, గొంతు కూడా మగగొంతులా బొంగురుపోతుంటే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి.

మన తీరప్రాంతంలో మొటిమలని పొరబడే సమస్య ఇంకొకటుంది. ఉప్పుగాలి, ఉక్కపోత, ఒంటికి అంటుకుపోయే చెమట బట్టలు. వీటితో వీపు మీద, ఛాతీ మీద, నుదుటి అంచున ఒకే సైజులో చిన్న పొక్కులు గుంపుగా లేచి దురద పెడతాయి. బ్లాక్‌హెడ్స్ ఉండవు. ఇది చాలాసార్లు ఫంగస్ వల్ల వచ్చే కుదుళ్ల వాపు. దీనికి మొటిమల యాంటీబయాటిక్ వాడితే తగ్గకపోగా పెరుగుతుంది. మొటిమలు మామూలుగా నొప్పి పెడతాయి గానీ అంతగా దురద పెట్టవు. మీవి దురద పెడుతుంటే ఆ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

రెండు వారాల మెరుపు

ఇక ఆ ట్యూబు సంగతి. దాని మీద సన్నటి అక్షరాల్లో రాసివుండే పేర్లు చదవండి. బీటామెథాసోన్, మొమెటాసోన్, బెక్లోమెథాసోన్, క్లోబెటసాల్, ఫ్లూసినోలోన్. వీటిలో ఏదున్నా అది స్టిరాయిడ్. ఒక్కోసారి ఒంటరిగా, ఎక్కువసార్లు ఫంగస్ మందుతోనో, యాంటీబయాటిక్‌తోనో, మచ్చలు తగ్గించే హైడ్రోక్వినోన్‌తోనో కలిసి ఉంటుంది. స్టిరాయిడ్ చెడ్డ మందని నేననను. గజ్జి తామరల్లో తేడా తెలిసిన డాక్టరు సరైన చోట, సరైన రోజులు రాస్తే ఎగ్జిమాకూ, సోరియాసిస్‌కూ అది ఎంతో ఉపయోగం. కానీ మొటిమల మీద రాసుకోవాల్సిన మందు కాదు.

రాసిన వారం పది రోజుల్లో ఎరుపు తగ్గుతుంది, వాపు తగ్గుతుంది, ముఖం తెల్లబడినట్టు మెరుస్తుంది. చుట్టాలు 'ఏం వాడుతున్నావే?' అని అడుగుతారు. ట్యూబు ఇంకో ఇంటికి చేరుతుంది. రెండు మూడు నెలలు గడిచేసరికి చర్మం పలచబడి సన్నటి ఎర్రటి రక్తనాళాలు బయటపడతాయి. బుగ్గల మీద నూగు పెరుగుతుంది. ఎండలోకి వెళితే మంట. అన్నిటికన్నా విచిత్రం, ఏ మొటిమల కోసం మొదలుపెట్టారో అవే కొత్తగా, ఒకే రకంగా, గుంపులుగా పుట్టుకొస్తాయి. మానేద్దామంటే నాలుగు రోజుల్లో ముఖం కందగడ్డలా ఎర్రబడి మండుతుంది. మళ్లీ రాస్తే చల్లబడుతుంది. ఇక ఆ ట్యూబు లేకపోతే గడవని పరిస్థితి.

ఇది మన జిల్లాకే పరిమితమైన సంగతి కాదు. దేశంలోని పలు చర్మవైద్య కేంద్రాల్లో జరిపి 2011లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ముఖ చర్మ సమస్యలతో వచ్చిన 2,926 మందిని చూస్తే 433 మంది ముఖానికి స్టిరాయిడ్ పూతలు రాస్తున్నట్టు తేలింది. వాళ్లలో 24 శాతం మంది మొటిమల కోసమే వాడుతున్నారు. 29 శాతం మందైతే తెల్లబడటానికో, మామూలు క్రీములాగానో, గడ్డం గీసుకున్నాక రాసుకోవడానికో వాడుతున్నారు. దాదాపు 59 శాతం మందికి ఆ సలహా ఇచ్చింది డాక్టరు కాదు. 90 శాతానికి పైగా మందిలో అప్పటికే దుష్ఫలితాలు కనిపించాయి. చర్మవైద్యులు ఏళ్ల తరబడి మొత్తుకున్నాక 2018లో కేంద్ర ఆరోగ్య శాఖ 14 రకాల స్టిరాయిడ్ పూతలను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. రూలైతే వచ్చింది. ట్యూబులు మాత్రం హ్యాండ్‌బ్యాగుల్లో ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి.

ఇప్పటికే నెలల తరబడి వాడుతున్నవాళ్లు ఈ వ్యాసం చదివి భయపడి సొంతంగా ప్రయోగాలు చేయొద్దు. ట్యూబు పట్టుకుని డాక్టరు దగ్గరికి రండి. ఎంత బలమైన మందు, ఎన్నాళ్లు వాడారన్నదాన్ని బట్టి క్రమంగా తగ్గించడమో, వేరే పూతకు మార్చడమో చేస్తాం. మానాక కొన్ని వారాలు ముఖం తిరగబెడుతుంది. ఆ కొన్ని వారాలూ అద్దం చూసుకోవడం కష్టమే. దాన్ని ముందే తెలుసుకుని ఉంటే, కొత్త మందు పడలేదనుకుని మళ్లీ పాత ట్యూబు అందుకోరు.

పూత మందులు: ఓపికే అసలు మోతాదు

ఇవాళ మీకు కనిపిస్తున్న మొటిమ ఇవాళ పుట్టింది కాదు. కంటికి కనిపించని స్థాయిలో కుదురు మూసుకోవడం కొన్ని వారాల ముందే మొదలవుతుంది. మందు పనిచేసేది ముఖ్యంగా రాబోయే మొటిమల మీద. అందుకే ఏ పూత మందుకైనా ఎనిమిది నుంచి పన్నెండు వారాల గడువు ఇవ్వకుండా 'పనిచేయలేదు' అని తీర్పు చెప్పకూడదు. మొదటి నెలలో ఇంకాస్త పెరిగినట్టు కూడా అనిపించవచ్చు.

చికిత్సకు పునాది రెటినాయిడ్లు. విటమిన్ ఏ కుటుంబానికి చెందిన ట్రెటినాయిన్, అడాపలీన్ వీటిలో ముఖ్యమైనవి. మూసుకుపోయే కుదురు నోటిని తెరిచి ఉంచడం వీటి పని. ట్రెటినాయిన్ మొటిమల మీద పనిచేస్తుందని అమెరికా వైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్మన్ బృందం 1969లోనే చూపించింది. అంటే మన నాన్నల తరం నాటి మందు.

దాన్ని రాసే పద్ధతిలోనే పదిమందిలో ఎనిమిదిమంది తప్పటడుగు వేస్తారని నా అనుభవం. మొటిమ ఉన్నచోట చుక్క పెట్టి వదిలేస్తారు, లేదా త్వరగా తగ్గాలని దట్టంగా పూస్తారు. రెండూ పనికిరావు. రాత్రి ముఖం కడుక్కుని, పూర్తిగా ఆరనిచ్చి, బఠాణీ గింజంత తీసుకుని ముఖమంతా పలచగా రాయాలి. కళ్ల చుట్టూ, ముక్కు మూలల్లో, పెదవుల అంచున వద్దు. మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు చాలు. పొట్టు లేచినా, కొద్దిగా మండినా మామూలే. అప్పుడు ముందు మాయిశ్చరైజర్ రాసి, దాని మీద మందు రాసుకోవచ్చు. దివిసీమలో చాలా ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పన. ఆ నీళ్లతో, ముతక సబ్బుతో రోజుకు నాలుగైదుసార్లు ముఖం తోముకుని పైన రెటినాయిడ్ రాస్తే మండక ఏం చేస్తుంది? రెండుసార్లు కడిగితే చాలు. చివర్లో ఒక చెంబుడు మంచినీళ్లు పోసుకోగలిగితే ఇంకా నయం.

రెండోది బెంజాయిల్ పెరాక్సైడ్. సూక్ష్మజీవిని చంపుతుంది, దీనికి ఆ జీవి మొండికెత్తదు. 2.5 శాతం జెల్ చాలు. 10 శాతం రాస్తే పని పెద్దగా పెరగదు, మంట మాత్రం పెరుగుతుంది. బట్టల రంగు తినేస్తుంది కాబట్టి దీన్ని వాడే రోజుల్లో తలగడకు తెల్ల గలీబు వేసుకోండి. పట్టు జాకెట్టు వేసుకునే రోజున రాసుకోకండి. క్లిండమైసిన్ జెల్ రాస్తే మాత్రం ఒంటరిగా వాడొద్దు, బెంజాయిల్ పెరాక్సైడ్‌తో కలిపే వాడాలి. లేకపోతే సూక్ష్మజీవి ఆ మందుకు లొంగకుండా పోతుంది.

మూడోది అజిలైక్ యాసిడ్. పేరులో యాసిడ్ ఉందని బెదిరిపోతారు గానీ చాలా సౌమ్యమైన మందు. మన చామనఛాయ చర్మాల్లో మొటిమ పోయినా నల్లమచ్చ నెలల తరబడి నిలిచిపోతుంది. అజిలైక్ యాసిడ్ ఆ మచ్చ మీదా పనిచేస్తుంది. గర్భిణులు కూడా వాడుకోదగ్గ కొద్ది మందుల్లో ఇదొకటి. రెటినాయిడ్ పూతలు మాత్రం గర్భం కోసం ప్రయత్నిస్తున్నప్పటి నుంచే ఆపేయాలి.

భీమవరం నుంచి వచ్చిన మందు

వాపు ఎక్కువగా ఉన్న మొటిమలకు పూతతో పాటు డాక్సీసైక్లిన్ రాస్తాం. ఇది టెట్రాసైక్లిన్ల కుటుంబం. ఆ కుటుంబంలో మొట్టమొదటిది ఆరియోమైసిన్. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లే సంస్థ పరిశోధనలకు నాయకత్వం వహిస్తున్న రోజుల్లో, అక్కడ బెంజమిన్ డగ్గర్ దాన్ని మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి వెలికితీశారు. 1948లో అది లోకానికి తెలిసింది. ఆ ఏడాదే సుబ్బారావు గారు కన్నుమూశారు. గుడివాడలో రైలెక్కితే భీమవరం ఎంత దూరం! మన పక్కూరి మనిషి చేయి పడ్డ మందును మనం ఇంత అలవోకగా పాడుచేసుకుంటున్నామే అనిపిస్తుంది నాకు.

పాడుచేయడమంటే ఇదీ. మందుల షాపుకెళ్లి అయిదు రోజులకు యాంటీబయాటిక్ కొనుక్కోవడం, తగ్గగానే ఆపడం, రాగానే మళ్లీ కొనడం. ఇలా ఏడాదికి ఆరుసార్లు. మొటిమల్లో డాక్సీసైక్లిన్‌ను బెంజాయిల్ పెరాక్సైడ్ లేదా రెటినాయిడ్ పూత తోడుగా వాడాలి, మామూలుగా మూడు నెలలు దాటకూడదు. తర్వాత మాత్ర ఆపి పూత కొనసాగించాలి. ఏళ్ల తరబడి యాంటీబయాటిక్ మింగుతూ పోతే నష్టం ముఖానికి మాత్రమే కాదు. రేపు నిజంగా అవసరమైన ఇన్ఫెక్షన్‌లో ఆ మందు పనిచేయకపోవచ్చు.

మాత్రను నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని, కనీసం అరగంట పడుకోకూడదు. గుక్కెడు నీళ్లతో మింగి పడుకుంటే మాత్ర అన్నవాహికలో అతుక్కుని పుండు చేస్తుంది. గుండెనొప్పేమోనని భయపడేంత మంట వస్తుంది. ఐరన్, కాల్షియం మాత్రలు వాడుతుంటే వాటికీ దీనికీ రెండు మూడు గంటల తేడా ఉండాలి. ఇంకొకటి ఎండ. రొయ్యల చెరువుల గట్ల మీద, పొలాల్లో తిరిగేవాళ్లకు ఈ మందు వేసుకుంటే ఎండకు చర్మం మాడినట్టవుతుంది. వాళ్ల వృత్తి ఏమిటో చెబితే వేరే మందు చూస్తాం. గర్భిణులకు, ఎనిమిదేళ్లలోపు పిల్లలకు ఇవ్వం.

బీపీ మాత్ర మొటిమలకా?

ఈ ప్రశ్న నేను తరచూ వింటాను. స్పైరనోలాక్టోన్‌ను మేం గుండె జబ్బులకూ, బీపీకీ, లివర్ జబ్బులో పొట్టలో నీరు చేరినప్పుడూ వాడతాం. అది ఆండ్రోజెన్ పనిని కూడా అడ్డుకుంటుంది. అందుకే ఆడవాళ్లలో గడ్డం, దవడ మీద మొండికేసిన మొటిమలకు పనికొస్తుంది. 2023లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక అధ్యయనంలో 410 మంది మహిళల మీద దీన్ని పరీక్షించారు. ఉత్తుత్తి మాత్రతో పోలిస్తే 12 వారాలకు కొంత తేడా, 24 వారాలకు ఇంకా స్పష్టమైన తేడా కనిపించాయి. ఇక్కడా అదే లెక్క: వారాలు కాదు, నెలలు. చీటీ చూసి 'నాకు బీపీ లేదుగా, డాక్టరు గారు పొరపాటున రాశారేమో' అని మధ్యలో మానేయకండి.

ఇది ఒంట్లో పొటాషియంను నిలబెడుతుంది. ఆరోగ్యంగా ఉన్న చిన్న వయసు ఆడవాళ్లకు దాంతో సాధారణంగా ఇబ్బంది ఉండదు. కిడ్నీ సమస్య ఉన్నా, టెల్మిసార్టాన్ లాంటి బీపీ మందు వాడుతున్నా పొటాషియం ప్రమాదకరంగా పెరగవచ్చు. అలాంటివాళ్లు రోజూ రెండేసి కొబ్బరిబోండాలు తాగేస్తుంటే ఇంకా ముప్పు, కొబ్బరినీళ్లలో పొటాషియం దండిగా ఉంటుంది. మన దగ్గర ఇంటి వెనకే చెట్లుంటాయి కాబట్టి ఈ ప్రశ్న నేను ప్రత్యేకంగా అడుగుతాను. గర్భంలో ఉన్న మగబిడ్డ ఎదుగుదలకు ఈ మందు చేటు కాబట్టి గర్భం రాకుండా జాగ్రత్త పడాలి. మగవాళ్లకు మొటిమల కోసం ఇవ్వం, రొమ్ములు పెరుగుతాయి. పీసీఓఎస్ ఉన్నవాళ్లకు గర్భనిరోధక మాత్రలు కూడా మొటిమలను తగ్గిస్తాయి. బీపీ, రక్తం గడ్డకట్టిన చరిత్ర, కంటి ముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్ ఉన్నవాళ్లకు అవి పనికిరావు.

ముహూర్తం మాకూ చెప్పండి

గడ్డలు కట్టి, గుంతలు పడే మొటిమలకు, మిగతా మందులన్నీ వాడినా లొంగని వాటికి ఐసోట్రెటినాయిన్ క్యాప్సూల్ ఉంది. అమెరికాలో 1982 నుంచీ వాడుకలో ఉంది. నూనె గ్రంథినే కుంచింపజేస్తుంది. చాలామందికి ఆరు నుంచి ఎనిమిది నెలల ఒక్క కోర్సుతో ఏళ్ల తరబడి ఉపశమనం ఉంటుంది. పెదవులు ఎండిపోవడం దాదాపు అందరికీ ఉంటుంది. ముక్కు ఎండి రక్తం రావచ్చు, కళ్లు పొడిబారతాయి, కీళ్లు నొప్పి పుట్టవచ్చు. లివర్, కొవ్వు పరీక్షలు మొదట్లోనూ, మధ్యలోనూ చేయిస్తాం. భోజనం తర్వాత వేసుకుంటే బాగా ఒంటబడుతుంది. డాక్సీసైక్లిన్‌తో కలిపి వాడకూడదు, తలలో ఒత్తిడి పెరుగుతుంది. మనసు దిగులుగా మారితే దాచుకోకుండా చెప్పాలి. వాడుతున్నంత కాలం, మానాక నెల దాకా రక్తదానం చేయకూడదు.

ఇవన్నీ సర్దుకోగలిగినవే. సర్దుకోలేనిది ఒక్కటే. ఈ మందు వాడుతుండగా గర్భం వస్తే బిడ్డ మెదడు, గుండె, చెవులు, ముఖం తీవ్రమైన లోపాలతో ఏర్పడే ప్రమాదం చాలా ఎక్కువ. కొద్ది రోజులు వేసుకున్నా ఆ ప్రమాదం ఉంది. మందు మొదలుపెట్టడానికి నెల ముందు నుంచి, వాడినంత కాలం, ఆపాక నెల దాకా గర్భం రాకూడదు. మొదలుపెట్టే ముందు గర్భ పరీక్ష చేయాలి, మధ్యలోనూ చేస్తుండాలి.

మన సమాజంలో ఇది చెప్పినంత తేలిక కాదు. పాతికేళ్ల అమ్మాయిని తల్లి తీసుకొస్తుంది. సంబంధాలు చూస్తున్నారు, ముఖం బాగుపడాలి. గర్భం గురించి అడగ్గానే తల్లి ముఖం మాడిపోతుంది. 'మా అమ్మాయికి ఇంకా పెళ్లే కాలేదండీ, అదేం ప్రశ్న?' అంటుంది. 'అమ్మా, మీ అమ్మాయి మీద అనుమానంతో కాదు, మందు గుణం అలాంటిది. మగపిల్లాడికైతే ఈ ప్రశ్న ఉండదు, ఆడపిల్లలందరినీ అడుగుతాం' అని చెప్పి, అమ్మాయితో రెండు నిమిషాలు విడిగా మాట్లాడతాం. దయచేసి తల్లులు దాన్ని అవమానంగా తీసుకోవద్దు.

అసలు భయం ఆ తర్వాత. కార్తీకంలో క్యాప్సూళ్లు మొదలవుతాయి, మాఘంలో ముహూర్తం కుదిరిపోతుంది. మనవైపు సంబంధం ఖాయమైతే పెళ్లికి ఎన్ని రోజులు పడుతుంది? అమ్మాయి అత్తారింటికి వెళుతుంది. మొటిమలకు మందు వాడుతున్నట్టు తెలిస్తే ఏమనుకుంటారోనని క్యాప్సూళ్లు పెట్టెలో బట్టల మధ్య దాచుకుని వేసుకుంటుంది. భర్తకు చెప్పదు, మాకూ చెప్పదు. కొత్త దంపతుల్ని 'విశేషమేమైనా ఉందా?' అని ఇంటిల్లిపాదీ అడుగుతుంటారు. ఇంతకన్నా ప్రమాదకరమైన కలయిక మొటిమల చికిత్సలో లేదు.

కాబట్టి సంబంధాలు చూస్తున్నారంటే ఆ మాట మొదటి రోజే చెప్పండి. ముహూర్తం పెట్టుకున్నాక పెళ్లి బట్టల షాపుకు వెళ్లే ముందు డాక్టరుకు ఒక ఫోన్ చేయండి. మందు ఆపి నెల గడిచేలా చూస్తాం, లేదా మొదటి నుంచే వేరే మందు ఎంచుకుంటాం. మాఘంలో పెళ్లి అనుకుంటే శ్రావణంలోనే వస్తే పూత మందులకే కావలసినంత వ్యవధి ఉంటుంది. పెళ్లయినవాళ్లకు గర్భనిరోధం సంగతి భర్తకూ తెలిసి ఉండాలి. పొరపాటున నెల తప్పితే వెంటనే క్యాప్సూల్ ఆపి, అదే రోజు డాక్టరును కలవాలి. కోర్సు పూర్తయి నెల దాటాక వచ్చే గర్భానికి ఈ మందుతో ముప్పు లేదు. మగవాళ్లు వాడితే పుట్టబోయే పిల్లలకు హాని ఉందన్న ఆధారమూ లేదు.

'వేడి చేసింది'

మామిడిపళ్లు తిన్నాక మొటిమలొస్తే వేడి చేసిందంటారు. ఆవకాయ, నూనె వస్తువులు కూడా ఆ ఖాతాలోకే. ఆవకాయ మానేస్తే మొటిమలు తగ్గినవాళ్లను నేను చూడలేదు. తిండికి సంబంధమే లేదనీ అనను. రక్తంలో చక్కెరను గబుక్కున పెంచే తిండి, కొందరిలో పాలు, వ్యాయామం చేసే కుర్రాళ్లు తాగే వే ప్రోటీన్ పొడులు మొటిమలను పెంచుతున్నట్టు ఆధారాలున్నాయి. మెల్‌బోర్న్‌లో 43 మంది యువకులతో 12 వారాలు జరిపి 2007లో ప్రచురించిన ఒక చిన్న ప్రయోగంలో, చక్కెరను నెమ్మదిగా పెంచే తిండి తిన్నవాళ్లలో మొటిమలు ఎక్కువ తగ్గాయి. మూడు పూటలా తెల్లన్నం, మధ్యలో బందరు లడ్డూ అయితే కొంచెం తగ్గించి చూడటంలో నష్టం లేదు. దానికోసం పళ్లు మానొద్దు.

తలకు చిక్కగా నూనె పట్టించి రాత్రంతా ఉంచుకుంటే నుదుటి మీద, చెంపల అంచున చిన్న చిన్న పొక్కులు వస్తాయి. తలస్నానానికి గంట ముందు రాసుకుంటే చాలు.

ఎవరూ ఊహించని కారణం ఇంకొకటి. నీరసమని ఆర్‌ఎంపీ దగ్గర వరసగా వేయించుకునే బీ12 ఇంజెక్షన్లు. కొందరిలో ఇవి ఉన్నట్టుండి మొటిమల్లాంటి పొక్కులు తెస్తాయి. టీబీకి వాడే ఐసోనియాజిడ్, మూర్ఛ మందు ఫెనిటాయిన్, కీళ్లకో ఆయాసానికో వాడే స్టిరాయిడ్ మాత్రలూ అంతే. అలాగని ఆ మందులు సొంతంగా ఆపేయకూడదు, ముఖ్యంగా టీబీ మందు. వాడుతున్నవన్నీ సంచిలో వేసుకుని వచ్చి చూపిస్తే మాకు సగం పని తగ్గుతుంది.

కోడూరు నుంచో, నాగాయలంక నుంచో బందరు వచ్చి ఓపీ చూపించుకుని వెళ్లాలంటే రోజంతా పోతుందని తెలుసు. ప్రతి నెలా రాలేనివాళ్లకు నేను చెప్పేది, ఇంట్లో ఒకే కిటికీ దగ్గర, ఒకే వేళకి, పౌడరు లేకుండా నెలకోసారి ఫోన్లో మూడు ఫోటోలు తీసుకోమని. ఎదురుగా ఒకటి, చెరో పక్కా ఒకటి. రోజూ అద్దంలో చూసుకునేవాళ్లకు తేడా తెలియదు. మూడు నెలల ఫోటోలు పక్కపక్కన పెడితే మందు పనిచేస్తోందో లేదో నాకూ, వాళ్లకూ అర నిమిషంలో తెలుస్తుంది. మొదటి ఫోటో చూసి, 'అప్పుడు ఇంత ఉన్నాయా?' అని వాళ్లే ఆశ్చర్యపోతారు.

మొటిమలు తగ్గాక ట్యూబు పారేయొద్దు. పెద్దవాళ్ల మొటిమలకు తిరగబెట్టే గుణముంది. అడాపలీన్ లాంటి పూతను రోజూ కాకపోయినా వారంలో రెండు మూడు రాత్రులు, కనీసం కొన్ని నెలలపాటు కొనసాగించాలి. పగలు సన్‌స్క్రీన్ రాసుకుంటే నల్లమచ్చలు త్వరగా మానుతాయి. జెల్ రూపంలో ఉన్నది తీసుకోండి, మన ఉక్కకు చిక్కటి క్రీము నిలవదు. ధర ఎక్కువనిపిస్తే గొడుగు, చున్నీ కూడా కొంతవరకు పనికొస్తాయి. మొటిమలు తగ్గినా గుంతలు మిగిలిపోతే పూతలతో పూడవు. వాటికి లేజర్, మైక్రోనీడ్లింగ్ లాంటి వేరే చికిత్సలున్నాయి. కొత్త మొటిమలు పూర్తిగా అదుపులోకి వచ్చాకే వాటి కోసం చర్మవైద్యుణ్ని కలవాలి.